గాలి తాగిన బండి

పొద్దున ఆరున్నరకే మొరాయించింది.
ఖాళీ ఫోర్కులైతే లేస్తున్నాయి,
మేడ మెట్లెక్కే ముసలాయన మోకాళ్ళలా,
ఆగి, ఆగి.
నలభై బస్తాల ప్యాలెట్ కిందికి తోసి లీవర్ లాగితే
జానెడు లేచి
వణికి
అక్కడే నిలబడిపోయింది.
లోపల్నించి ఒకటే ఈల,
చెవిలో దోమ దూరినట్టు.

గేటు బయట మూడు లారీలు.
ఆకివీడు చుట్టూ ఎన్ని చెరువులున్నాయో
అన్ని చెరువుల రొయ్యలూ తననే తిడుతున్నట్టు
సూపర్‌వైజర్ గోడౌనంతా తిరిగాడు.
చివరికి అన్నాడు, "ముఠాని పిలవండి."

ముఠా అంటే మా ముఠాయే.
ఈ బండి రాకముందు
ఆ పదకొండు మందిలో నేనొకణ్ణి.
లైసెన్సు తెచ్చుకుని సీటెక్కిన రోజు
మేస్త్రి పెద్దిరాజు
నా భుజమ్మీది తువ్వాలు తీసి, మడతపెట్టి,
నా చేతిలోనే పెట్టాడు.
ఏమీ అనలేదు.

భీమవరం నుంచి దైవసహాయం గారొచ్చారు,
స్కూటర్ ముందు గోనెసంచీలో సామాను.
డిప్‌స్టిక్ లాగారు. నూనె గీత దగ్గరే ఉంది.
గొట్టాల వెంట అట్టముక్క జరుపుకుంటూ పోయారు.
"చెయ్యి పెట్టకురా,
కంటికి కనపడని ధార సూదిలా చర్మంలో దిగుద్ది."
అట్ట పొడిగా ఉంది.
సిలిండర్ల రాడ్లకు చెమట కూడా పట్టలేదు.
గొలుసులు రెండూ ఒకే బిగువు.
కారాల్సిన చోట ఎక్కడా కారలేదు.

"రిలీఫ్ వాల్వు ఇంకో చుట్టు బిగించెయ్యండి, అదే లేస్తుంది"
సూపర్‌వైజర్ వైద్యం.
ఆయన స్పానర్ కింద పెట్టేశారు.
"ఆ వాల్వుందే బాబూ,
ఇంక నావల్ల కాదని బండి చెప్పుకునే నోరు.
అది నొక్కేస్తే బలం రాదు.
చెప్పుకోడం మానేసి
ఒకరోజు పగులుద్ది, అంతే."

బస్తా దించి తిరిగెళ్తున్న పెద్దిరాజు ఆగాడు.
బండి వైపు చెవి ఒగ్గాడు.
"అది బరువుకి ఏడవట్లేదండీ.
గాలి తాగుతోంది."
దాళ్వాకి నీళ్ళందని ఏడు
బోదె గట్టున ఇంజను పెట్టి
రాత్రుళ్ళు దాని పక్కనే పడుకున్నవాడు.
"పీల్చే పైపు చిట్లితే మా ఇంజనూ ఇదే ఈల.
బయటికి చుక్క కారదు.
లోపలికి కారుద్ది."

ట్యాంకు మూత తీసి టార్చి వేస్తే
నూనె మీద నురుగు,
అప్పుడే పితికిన గేదెపాల మీదున్నట్టు.
పంపుకెళ్ళే గొట్టం మీద, క్లిప్పు కింద,
వెంట్రుకవాసి పగులు.
వారం వారం నేను తుడుస్తున్న గొట్టమే.
దైవసహాయం గారు దాని చుట్టూ గ్రీజు రాశారు.
ఈల ఆగిపోయింది.

కొత్త గొట్టం వేశారు, రెండు క్లిప్పులు బిగించారు.
జాలీ విప్పి డీజిల్లో కడిగారు.
"నురుగు తేరనీ" అని బీడీ వెలిగించుకోడానికి
గేటు అవతలికి వెళ్ళారు.
ముఠా మోస్తూనే ఉంది.
ఆరొందల ఎనిమిది, ఆరొందల తొమ్మిది,
పెద్దిరాజు గొంతులో లెక్క
ఎంత పెరిగితే అంత కూలి.

టీ గ్లాసు అందిస్తూ అడిగాను,
"ఎందుకు చెప్పావు మావా?"
ఊదుకుంటూ తాగాడు.
"ఆ కూత వినలేకరా."

పదకొండింటికి అదే ప్యాలెట్ ఎత్తాను.
చప్పుడు లేదు. ఒక్క ఊపున తలెత్తు దాటింది.
ఎవర్నీ కిందికి రానివ్వకుండా చెయ్యి అడ్డుపెట్టి
మాస్టు మీద సుద్దగీత గీశారు దైవసహాయం గారు.
"ఇంజనాపు. పది నిమిషాలు."
డ్రైవర్లూ, ముఠా, సూపర్‌వైజరూ
ఆ గీతకేసి చూస్తూ నిలబడ్డాం.
టన్ను మేత, గాల్లో.
గీత కదల్లేదు.

నాలుగో నిమిషానికే
తువ్వాలు దులుపుకుని
పెద్దిరాజు చీటీ రాయించుకోడానికి వెళ్ళాడు:
ఏడొందల పద్నాలుగు బస్తాలు.